నలుగురు ఏమనుకొందురు?

మన ఇండ్లలో పిల్లవాడు మాటలు నేర్చిన నాటినుండి ముదుసలి కన్నుమూయు నాటివరకు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ‘నలుగురు ఏమనుకొంటారు?’ అనునదే ఆ ప్రశ్న. చొక్కా చినిగియున్నను ఈ ప్రశ్నయే. ఆడపిల్ల పై చదువునకు పూనా పోయెదనన్నను ఈ ప్రశ్నయే. పెండ్లికి వేయిమందిని పిలువక నూరుమందితో ముగింతమన్నను ఈ ప్రశ్నయే. అశోక్ చౌక్ చుట్టుపట్ల మగ్గముల చప్పుడు ఎంత ఎడతెగనిదో ఈ ప్రశ్నయు అంత ఎడతెగనిది. కాని ఆ నలుగురు ఎవరు? వారి పేర్లేమి? వారు ఏ పేటలో కాపురమున్నారు? ఈ సంగతిని మనలో విచారించినవారు తక్కువ. నేనును అరువదియేండ్లు దగ్గరపడువరకు విచారింపలేదు.

నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, నలువది యేండ్లు లెక్కల పుస్తకములు వ్రాసిన గుమాస్తాను, పండితుడను కాను. ఉద్యోగవిరమణానంతరము మధ్యాహ్నములు గడచుటకు వాచనాలయమునకు పోవుట అలవాటైనది. అచ్చట సాంఘిక మనస్తత్వ శాస్త్రమును గురించి మరాఠీలోను తెలుగులోను దొరకిన పుస్తకములు చదివితిని. చదువుచుండగా, ఎక్కడనో సముద్రములకు ఆవల జరిగిన పరీక్షలలో నాకు నా కథయే కనబడినది. ఆ కథను, దానివలన నాలో పుట్టిన ఒక ధర్మసందేహమును ఈ సంచిక పాఠకుల ముందుంచుచున్నాను. సందేహమిది: పదిమంది కూడి మౌనము వహించుటవలన ఒకనికి అన్యాయము జరిగినపుడు, ఆ పాపములో ఒక్కొక్కని పాలు పదవ వంతా, లేక ప్రతివానికిని మొత్తమా?

ముందు కథ. అది 1988వ సంవత్సరము. నాకు ఇరువదియారేండ్లు. జకార్డు చద్దరులు నేయు ఒక కార్ఖానా కార్యాలయమున గుమాస్తాగా నుంటిని. ఒకనాడు ఒక నేతగాని పద్దున 11 కిలోల నూలు తక్కువ వచ్చినది. నూలు దొంగిలింపబడినదని పై వారు నిశ్చయించిరి. కాని రంగు కుదరలేదని ఒక మూట నూలును రంగు ఖాతాకు తిప్పి పంపిన సంగతి నాకు తెలియును. ఆ వాపసు చీటీని నేను కన్నులార చూచితిని. నా చేతితోనే కట్టలో నుంచితిని. గిడ్డంగి పుస్తకమున ఆ జమ ఎక్కలేదు. అంతకుమించి ఏమియు లేదు. యజమాని తరఫున వ్యవహారము చూచునాయన మా గుమాస్తాలను ఏడుగురిని బల్ల చుట్టు కూర్చుండబెట్టి, నేతగానిని గుమ్మముకడ నిలువబెట్టి, ‘లెక్క సరిగా నున్నదా?’ యని వరుసగా నడిగెను. పెద్ద గుమాస్తా ‘ఉన్నది’ అనెను. రెండవ ఆయన ‘ఉన్నది’ అనెను. మూడవ, నాలుగవ వారును అట్లే యనిరి. ఐదవవాడను నేను. చీటీ మాట నా నాలుక చివరకు వచ్చినది. అప్పటికి నలుగురు, నిజముగానే నలుగురు, ‘ఉన్నది’ అనియుండిరి. నేనును ‘ఉన్నది’ అంటిని. ఆరవవాడును ఏడవవాడును అదే యనిరి.

ఆ నేతగానికి ఆ నెల కూలి పోయినది. పని పోయినది. అన్నిటికంటె మిన్నగా, దొంగయను పేరు పేటయంతటను ప్రాకినది. అతడు గుమ్మము దిగి పోవునపుడు మేమందరమును బల్లమీది కాగితములను చూచుచుంటిమి.

ఇక శాస్త్రమునకు వత్తము. మనుష్యుని మనస్సు ఒంటరిగా నున్నపుడొక తీరుగను, ఇతరుల సన్నిధిని మరియొక తీరుగను పనిచేయునని గుర్తించి, ఆ భేదమును కొలిచి చూచునదే సాంఘిక మనస్తత్వ శాస్త్రము. దీని వయస్సు ఎక్కువ కాదు. 1898లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున నార్మన్ ట్రిప్లెట్ అను నాతడు నలువదిమంది పిల్లలచేత చేపలగాలపు దారపు చక్రములను త్రిప్పించెను. ఒంటరిగా త్రిప్పినపుడు కంటె ప్రక్కన మరియొకడుండగా సగముమంది పిల్లలు వేగముగా త్రిప్పిరి. కొందరు మాత్రము తొట్రుపడి వెనుకబడిరి. ఇంట కండెలు చుట్టిన మన పిల్లలకు ఈ ఫలితము క్రొత్త కాదు. అక్క ప్రక్కన కూర్చున్ననాడు కండెలు రెండింతలగుట మన తల్లులెరిగినదే. 1908లో ఇంగ్లండున విలియం మెక్‌డూగల్, అమెరికాలో ఎడ్వర్డ్ రాస్ ఈ శాస్త్రము పేరుతోనే చెరియొక గ్రంథము ప్రకటించిరి. మన దేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమున మనస్తత్వ శాస్త్ర శాఖ వెలసినది.

ఇతరుల సన్నిధి పనిని పెంచుటయే కాదు, తగ్గించుటయు కలదు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు రింగెల్‌మన్ మనుష్యులచేత మోకు లాగించి బలమును కొలిచెను; ఆ లెక్కలు 1913లో అచ్చైనవి. ఎనిమిదిమంది కూడి లాగినపుడు ఒక్కొక్కని బలము, ఒంటరిగా లాగిననాటి బలములో సగమునకు దిగినది. నారళీ పౌర్ణమినాడు మార్కండేయస్వామి రథము కదలునపుడు మోకు పట్టినవారందరును లాగుచున్నారా, కొందరు పట్టుకొని నడచుచున్నారా యనునది స్వామికే యెరుక! రాజుగారు కోనేటిని పాలతో నింపుడని చాటింపగా, ‘ఇందరి పాలలో నా చెంబెడు నీళ్లు తెలియునా’ యని ప్రతి పౌరుడును చీకటిలో నీళ్లే పోసివచ్చిన కథ మన పెద్దలు చెప్పుదురు. రింగెల్‌మన్ మోకుతో కొలిచినది ఆ కథయే. నా పాలు లేకున్నను గడచునన్న తలంపు, నా పాపము తెలియదన్న తలంపు, రెండును ఒక చెంబులోని నీళ్లే.

తరువాతి భావన వాడుక, అనగా సంఘములో ‘ఇది ఇంతే’ యని స్థిరపడిన కట్టుబాటు. అది ఎట్లు పుట్టును? టర్కీ దేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన ముజఫర్ షెరీఫ్ 1935లో దీనిని పరీక్షించెను. కటిక చీకటి గదిలో కదలక యున్న చిన్న దీపపు చుక్క, చూచువానికి కదలుచున్నట్లు తోచును. ఎంత దూరము కదలినదని ఒక్కొక్కరిని వేరుగా నడుగగా తలకొక కొలత చెప్పిరి. వారినే కలిపి కూర్చుండబెట్టి అడుగగా కొద్దిసేపటికే అందరి కొలతలు ఒకచోటికి చేరినవి. పిమ్మట ఒంటరిగా నడిగినను ఆ ఉమ్మడి కొలతనే పట్టుకొనిరి. కదలని దీపమునకు నలుగురు కూడి ఒక కదలికను నిర్ణయించిరి; అదే వారికి సత్యమైనది. పెండ్లిలో ఎన్ని తులముల బంగారము పెట్టవలె, పెండ్లివారికి ఎన్ని విధముల పిండివంటలు వడ్డింపవలె అను కొలతలు మనకును ఇట్లే ఏర్పడినవని నా యభిప్రాయము. వానికి శాస్త్రమునందును శాసనమునందును ఆధారము కానరాదు.

కాని షెరీఫ్ పరీక్షలో సత్యము చీకటిలో నుండెను. ఎవరికి తోచినది వారు చెప్పుటలో తప్పులేదు. సత్యము పగటివెలుగులో కన్నులయెదుట నున్నపుడో? ఈ ప్రశ్ననే సాలొమన్ యాష్ 1951 మొదలు కొన్నియేండ్లు పరీక్షించెను. ఒక కాగితముపై ఒక గీత. మరియొక దానిపై మూడు గీతలు. మొదటిదానితో సమానమైనది ఏదియో చెప్పవలెను. ఏడెనిమిదిమంది విద్యార్థులు వరుసగా కూర్చుందురు. వారిలో ఒక్కడే నిజముగా పరీక్షింపబడువాడు. తక్కినవారు ముందుగా చెప్పియుంచినవారు. పదునెనిమిది మారులలో పండ్రెండు మారులు వారందరును ఒకే తప్పు సమాధానము చెప్పుదురు. ఒంటరిగా నున్నపుడు నూటికి ఒకటి తప్పుకూడ చేయని విద్యార్థులు, ఈ వరుసలో కూర్చున్నపుడు మూడింట ఒకవంతునకు మించి తప్పు సమాధానమునే అనుసరించిరి. నలుగురిలో ముగ్గురు ఒక్కమారైనను లోబడిరి. ఒకడు మాత్రము తుదివరకు తన కన్నులనే నమ్మెను. ఇది తెల్లవారి దౌర్బల్యమని తోసివేయుటకు వీలులేదు. 1996లో పదునేడు దేశములలో జరిగిన 133 పరిశోధనలను కలిపి చూడగా, మనవలె బంధుబలగములతో కూడి బ్రతుకు సమాజములలో ఈ లొంగుబాటు మరింత హెచ్చుగా నున్నట్లు తేలినది.

ఇది చదివిన దినమున నేను పుస్తకము మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని. వరుసగా కూర్చున్న ఏడుగురు, ఒక్కొక్కరిని అడుగుట, మొదటివాడు తప్పు చెప్పుట, అన్నియు నాకు తెలిసినవే. భేదమొకటే. యాష్ గదిలో గీతలకు నొప్పి లేదు. మా గదిలో గుమ్మముకడ ఒక మనుష్యుడు నిలుచుండెను.

యాష్ మరియొక సంగతిని కనిపెట్టెను. నా దృష్టిలో అదియే ముఖ్యము. వరుసలో ఒక్కడు, ఒకే ఒక్కడు, ముందుగా నిజము చెప్పినచో, లొంగుబాటు నాలుగవవంతునకు పడిపోయినది. అనగా సంఘము యొక్క బలము సంఖ్యలో లేదు. ఏకాభిప్రాయమను భ్రమలో నున్నది. వస్త్రములో ఒక్క పోగు తెగినను నేతగాని కంటికి మొదట కనబడునది ఆ పోగే కదా.

భ్రమ యని ఏల యంటినో చెప్పెదను. ఆ సంఘటన జరిగిన పదునెనిమిదేండ్లకు, ఒక పెండ్లిపందిటిలో, ఆనాడు నా ప్రక్కన ఆరవవాడుగా కూర్చున్న మిత్రుడు కలిసెను. మాట మాటలో ఆ నేతగాని సంగతి వచ్చినది. అతడు చెయ్యి కడుగుకొనుచు, ‘అన్నా, గా చీటీ సంగతి నాకు సుత తెల్సు. నువ్వు అంటవేమోనని నీ మొకం దిక్కే చూసిన. నువ్వు ఉన్నది అన్నవు. ఇగ నేనేమంట?’ అనెను. నాకు నోట మాట రాలేదు. అటుపిమ్మట మరి ఇద్దరిని అడిగితిని. వారును సందేహించినవారే, తక్కినవారందరును నమ్మి చెప్పుచున్నారని తలచినవారే. ఏడుగురిలో కనీసము నలుగురము లోలోపల ‘కాదు’ అనుకొనుచు పైకి ‘ఔను’ అంటిమి. ప్రతివాడును తానొక్కడే సందేహించువాడనని తలచెను. శాస్త్రజ్ఞులు దీనికి ఒక పేరు పెట్టిరి; దానిని ‘ఉమ్మడి అపోహ’ యని మనము పిలుచుకొనవచ్చును. ఎవ్వరును నమ్మని దానిని అందరును నమ్ముచున్నారని అందరును నమ్ముట దాని లక్షణము.

ఇప్పుడు పెండ్లి ఖర్చుల సంగతి మరల తలపునకు తెచ్చుకొనుడు. తండ్రులను ఒక్కొక్కరిని చాటుగా నడిగి చూడుడు. కట్నము పాడు ఆచారమనియు, అప్పులపాలైతిమనియు, సామూహిక వివాహములు ఎంతయో మేలనియు ప్రతివాడును చెప్పును. ‘ఐన, నలుగురు ఏమనుకొంటారు?’ అని ముగించును. ఆ నలుగురు మరెవరో కారు, అదే సాయంకాలము అదే మాటను తమ ఇండ్లలో అనుకొనుచున్న తక్కిన తండ్రులే. ఇట్లు మనము లేని దొరకు పన్ను కట్టుచున్నాము.

బాధ్యత పంచుకొనుటలో మరియొక చిక్కు కలదు. 1968లో లతానే, డార్లీ అను ఇద్దరు పరిశోధకులు ఒక గదిలోనికి పొగ వదలిరి. గదిలో ఒంటరిగా నున్నవారిలో నూటికి 75గురు బయటకు పోయి చెప్పిరి. ప్రక్కన ఇద్దరు ఏమియు పట్టనట్లు కూర్చున్నపుడు నూటికి పదిమంది మాత్రమే కదలిరి. తక్కినవారు కన్నులు నులుముకొనుచు, దగ్గుచు, తమ పని తాము చేసికొనుచుండిరి. ప్రక్కవాడు ఊరకున్నాడు గావున ప్రమాదము కాదేమో యని ఒక తలంపు. ప్రమాదమే యైనను చెప్పుటకు ఇందరు లేరా యని మరియొక తలంపు. నూలుపీచు నిండిన మన గల్లీలలో పొగ ఎంత త్వరగా మంటయగునో ఎరిగినవారికి ఈ పరీక్ష వట్టి వినోదము కాదు.

ఇంతవరకు చెప్పినది తప్పు ఎట్లు జరుగునో. తప్పు చేసిన తరువాత మనస్సు ఏమి చేయునో చెప్పుట నాకు మరింత కష్టము. 1988 తరువాత కొన్ని నెలలకు నాలో ఒక మార్పు వచ్చినది. ఆ నేతగానిని గురించి చెడుగా తలపోయసాగితిని. అతడు గర్విష్ఠి యని, మాట పెళుసని, ఆ నూలు కాకున్న మరేదో తీసియుండునని నాకు నేనే చెప్పుకొంటిని. ఎవరైన అతనిని నిందించినచో నాకు హాయిగా నుండెడిది. అతడు నాకేమి కీడు చేసెను? ఏమియు లేదు. నేనే అతనికి కీడు చేసితిని. కావుననే అతడు మంచివాడై యుండుట నాకు సహింపరానిదయ్యెను. 1957లో లియాన్ ఫెస్టింజర్ ప్రకటించిన సిద్ధాంతము దీనినే వివరించుచున్నది. ‘నేను మంచివాడను’, ‘నేను చెడు చేసితిని’ అను రెండు తలంపులు ఒకే మనస్సులో కాపురము చేయలేవు. చేసిన పనిని మార్చుట అసాధ్యము గావున మనస్సు తన నమ్మకమును మార్చుకొనును. ఈ సిద్ధాంతమునకు బీజము మన దేశమునుండియే పోయినదని తెలిసి ఆశ్చర్యపడితిని. 1934 జనవరి 15న బీహారును భూకంపము కుదిపినది. నేల కంపించినను పెద్ద నష్టము కలుగని ప్రాంతములలో, ఇంతకంటె ఘోరమైన ప్రళయము రాబోవుచున్నదను పుకార్లు పుట్టినవి. జమునా ప్రసాద్ అను పరిశోధకుడు వానిని సేకరించి వ్రాసెను. భయపడినవారు భయమును పోగొట్టు మాటలు గాక భయమును పెంచు మాటలు ఏల నమ్మిరి? పుట్టిన భయమునకు తగిన కారణము కావలెను గనుక. ఈ ఆలోచనయే ఫెస్టింజర్‌కు దారి చూపినది. భయపడినవాడు భయమునకు కారణమును వెదకినట్లు, నేను నా మౌనమునకు తగిన దొంగను వెదకుకొంటిని.

ఒకనిని గురించి నేను చేసిన ఈ పనిని, సంఘములు జాతులను గురించి చేయును. ఆంగ్లప్రభుత్వము 1871లో మొదలిడిన నేరస్థజాతుల చట్టము కొన్ని సంచారజాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసినది. మన షోలాపురమునను వారిని ముండ్లతీగలోపల నుంచిన సెటిల్‌మెంటు ఉండెను. తొట్టెలోని శిశువు కూడ చట్టము దృష్టిలో కాబోవు దొంగయే. 1952 ఆగస్టు 31న స్వతంత్ర భారతమున ఆ చట్టము రద్దయినది. తీగ తొలగినది, మన మనస్సులలోని తీగయో? వీథిలో సైకిలు పోయినపుడు మొదట ఎవరి పేరు వినబడునో మనకు తెలియనిది కాదు. వేరు భాష, వేరు యాస గలవారమని మనలను చూచి ఒకప్పుడు నవ్వినవారు గలరు. ఆ నొప్పి యెరిగినవారము, మరియొకరికి ముద్రవేయుటకు వెనుదీయకున్నాము. ఇంగ్లండున హెన్రీ టాజ్‌ఫెల్ 1970 ప్రాంతమున బడిపిల్లలను, ఏ చిత్రకారుని బొమ్మలు నచ్చినవను నెపముతో రెండు జట్లుగా విభజించెను. తమ జట్టులో ఎవరెవరున్నారో వారికి తెలియదు. ఐనను పైకము పంచుమనగా తమ జట్టునకే హెచ్చు ఇచ్చిరి. ‘మనవారు’, ‘పరులు’ అను గోడ కట్టుటకు ఇటుకలు కూడ అక్కరలేదు, పేరు చాలును.

ఇంతమాత్రమున ‘నలుగురు’ చెడ్డవారని నేను చెప్పుటలేదు. లోకులు కాకులని కొట్టివేయుటయు సులభమే. కాని అది కృతఘ్నత. 1877లో షోలాపురమున మొదటి నూలుమిల్లు వెలసిన తరువాత, కరువునకు నిలువలేకయు పనిని వెదకుకొనియు కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు సీమలనుండి మూటలతో వచ్చిన మన తాతముత్తాతలకు నీడనిచ్చినవారు ఆ నలుగురే. మగ్గముప్రక్క చోటిచ్చినవారు, పురుడు పోసినవారు, తుదకు పాడె మోసినవారును ఆ నలుగురే. 1895లో ఫ్రెంచి రచయిత లె బాన్ గుంపులో మనుష్యుని వివేకము నశించునని వ్రాసెను. మన నగరపు చరిత్ర ఆ మాటను సగమే ఒప్పుకొనును. 1930 మే నెలలో గాంధీగారిని నిర్బంధించిన వార్త విని షోలాపురము అట్టుడికినది. మే 8న పోలీసు కాల్పులలో జనులు మరణించిరి. కోపించిన గుంపుచేతిలో పోలీసులును మరణించిరి. పోలీసులు నగరము విడిచిన ఆ కొద్దిదినములు, మే 12న సైనికశాసనము వచ్చువరకు, వీథులలో రాకపోకలను నడిపి శాంతిని కాపాడిన స్వచ్ఛందసేవకులును ఈ జనములోనివారే. 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిందే గారల కులములు వేరు, మతములు వేరు. నాడు వారిని వేరుచేయు గోడ లేకపోయినది. కావున గుంపు మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. అందులో మొదట లేచిన మాట ఏది యను దానిపై నంతయు ఆధారపడియున్నది.

రెండు మూడేండ్ల వెనుక నేను ఆ నేతగానిని వెదకుకొని పోయితిని. 2006లో కుంభారి వద్ద బీడీ కార్మికురాండ్రకు కట్టి యిచ్చిన పదివేల ఇండ్ల కాలనీలో, భార్య పేరిట వచ్చిన ఇంటిలో, అతడు వృద్ధుడై యుండెను. ఆమె గుమ్మములో కూర్చుండి బీడీలు చుట్టుచుండెను. చీటీ సంగతి మొదలునుండి తుదివరకు చెప్పి, ‘అన్నా, తప్పు నాది’ యంటిని. అతడు కొంతసేపు ఊరకుండి ఇట్లనెను: ‘తమ్మీ, పైసలు పోయినయని నాకు రంది లేదు. కొలువు ఇంకోకాడ దొరికింది. గా దినం మీరు ఏడుగురు బల్ల మీద కాయితాలు చూసుకుంట కూసున్నరు. ఒక్కలు సుత నా దిక్కు చూడలె. ఒక్కలు చూస్తె సాలు అనుకున్న.’ అతని భార్య చేతిలోని ఆకును చేటలో పెట్టి, ‘మా పిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు సుత గా మాట అడ్డమొచ్చింది’ అనెను. తరువాత లేచి చాయ పెట్టినది. క్షమించితిమని వారు అనలేదు, నేనును అడుగలేదు.

ఇప్పుడు నా సందేహమునకు నాకు తోచిన సమాధానము. పాపము చద్దరు వంటిది కాదు, ఏడు ముక్కలుగా కత్తిరించి తలకొకటి పంచుకొనుటకు. నేను నోరు తెరచినచో ఆరవవాడు తెరచెడివాడు, అతడే చెప్పెను. ఏడవవాడును కలిసెడివాడేమో. పని నిలువకపోయినను ఆ మనుష్యునకు దొంగయను పేరు మాత్రము నిలిచెడిది కాదు. కావున నా ఒక్కని మౌనమే ఆ ఏకాభిప్రాయమును పూర్తిచేసినది. అట్లే ఒక్కొక్కని మౌనమును. ప్రతివానికిని పూర్తి పాలు కలదు. యాష్ వరుసలో సగటు మనుష్యుడు లొంగునని శాస్త్రము చెప్పినది. లొంగుట న్యాయమని చెప్పలేదు. రోగము సర్వసాధారణమైనంత మాత్రమున ఆరోగ్యము కాదు. ఐనను ఈ శాస్త్రము నాకొక మేలు చేసినది. నేను పుట్టుపిరికివాడనని కుమిలిపోవుటకు మారు, ఏ యేర్పాటులో మనుష్యుడు పిరికివాడగునో తెలిసికొంటిని. ఏర్పాటును మార్చవచ్చును.

అందుకు మన సమాజపు కూటములలో చేయదగిన చిన్నపనులు కొన్ని కలవు. పెద్దలు కడపట మాటలాడవలెను. చిన్నవారిని ముందుగా అడుగవలెను. ప్రాచీన యూదుల న్యాయసభలో ప్రాణదండన విచారించునపుడు చిన్నవానితోనే మొదలిడెడివారు. పెద్దవాని మాట విన్న తరువాత చిన్నవానికి మాట మిగులదని వారెరిగిరి. కట్నముల వంటి సంగతులు వచ్చినపుడు చర్చకు ముందే పేరులేని చీటీలమీద అభిప్రాయములు వ్రాయించి చదువవలెను. యాష్ పరీక్షలోను, సమాధానమును బిగ్గరగా గాక కాగితముపై వ్రాయనిచ్చినపుడు లొంగుబాటు చాల తగ్గినది. ఆ చీటీలు విప్పిననాడు మనమందరము ఒకరినొకరు చూచి వెరగుపడుదుమని నా నమ్మకము. ఆపద కలిగినపుడు ‘ఎవరైన రండి’ అని కాక, ఒకనిని వ్రేలితో చూపి ‘నీవు రా’ యని పిలువవలెను. ఇంట పిల్లలను ‘నలుగురు ఏమనుకొంటారు?’ అని అదలించునపుడు, ‘నీవేమనుకొందువు?’ అనియు ఒక్కమారు అడుగవలెను.

సోదర సోదరీమణులారా, వెదకి చూడగా ఆ నలుగురి చిరునామా నాకు దొరకినది. అది మీ ఇల్లును మా ఇల్లును. ఏ కూటములోనైనను, ఏ కార్యాలయములోనైనను వరుసగా అడుగుచు వచ్చి ప్రశ్న మీ ముందు నిలిచినపుడు, మీకంటె ముందు పలికినవారిని మాత్రమే తలచుకొనవలదు. మీ తరువాతివాడు మీ ముఖమువైపే చూచుచుండును. గుమ్మముకడ నిలుచున్నవాడును అటే చూచుచుండును.